ఎడమ అంచు

పట్నపు బతుకు వదిలేసి చేలోకి పోయి ఉందామని నేను చెప్పిన రోజు మా ఆవిడ ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. అక్కడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. పైగా, ఎంత మంచి ఇల్లాలు దొరికిందిరా నాకు అని లోలోపల మురిసిపోయాను.

రెండువేల సంవత్సరం దాటి ఓ అయిదారేళ్ళయి ఉంటుంది. అప్పుడు మేము నాగర్‌కర్నూల్లో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నేను కోడేరు దిక్కు ఒక ఊళ్ళో లెక్కల సారును. పొద్దున బస్సుకు ఉరకడం, సాయంత్రం బస్సు కోసం నిలబడడం. ఇంట్లో టీవీ, ఫ్రిజ్, మిక్సీ, కూలరు అన్నీ ఉండేవి. వాటిలో ఏదో ఒకటి వంతులవారీగా చెడిపోయి ఉండేది. నా ఆదివారాలు రిపేరు దుకాణం బల్ల మీదనే గడిచేవి. కొత్తగా సెల్‌ఫోను కూడా కొన్నాను. అది మోగితే చాలు, అవతలి మనిషి మొదట అడిగేది "ఎక్కడున్నవ్?" అని. నేను ఎక్కడున్నానో ఇంతమందికి ఎందుకు కావాలో నాకు ఎంతకూ అర్థమయ్యేది కాదు. కింది వాటాలో ఇంటాయన పొద్దున అరగంట మోటారు వేసేవాడు. ఆ అరగంటలో నీళ్ళు పట్టుకోకపోతే ఆ రోజుకు అంతే. మేడ మీద గట్టిగా నడిస్తే కింది నుంచి కర్రతో కప్పును పొడిచేవాడు. మా అయిదేళ్ళ బిడ్డ ఇంట్లో మునివేళ్ళ మీద నడవడం అలవాటు చేసుకుంది. అది చూస్తే మాత్రం నాకు కడుపు మండేది.

నేను పనిచేసే ఊరికి దగ్గర్లోనే మా నాయన పంచి ఇచ్చిన రెండెకరాల మెట్ట చేను ఉంది. పక్క చేను అవ్వ దాన్ని పాలుకు చేస్తుండేది. ఆ చేలో ఒక కొట్టం. రాతి గోడలు, తాటి కమ్మల కప్పు. ఎద్దులున్న కాలంలో కట్టింది. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఖాళీగా పడి ఉంది. ఒకరోజు ఒంటిపూట బడి అయిపోయి, బస్సుకు ఇంకా రెండు గంటలుందని అటు నడిచాను. కొట్టం నీడలో కూచుని డబ్బాలోని జొన్న రొట్టె, వంకాయ కూర తిన్నాను. బావిలో నీళ్ళు తోడుకుని తాగాను. కౌజు పిట్టలు కూస్తున్నాయి. గాలి వస్తున్నది. ఫోనుకు సిగ్నలు లేదు. ఆ రెండు గంటల్లో నాకు ఏ వస్తువూ గుర్తుకు రాలేదు. ఇంత సుఖం ఇక్కడ ఉచితంగా పడి ఉంటే, నేను మేడ మీద అద్దె కట్టి నరకం అనుభవిస్తున్నానేమిటి అనిపించింది. బస్సు వచ్చి పోయింది. నేను ఎక్కలేదు. తర్వాతి బస్సుకు ఇల్లు చేరేసరికి నిర్ణయం అయిపోయింది.

ఆవిడను ఒప్పించడానికి ఇన్‌స్పెక్షనుకు తయారైనట్టు తయారయ్యాను. టీవీ ఎందుకు అక్కర్లేదు, కరెంటు లేకపోతే ఎందుకు మేలు, బిడ్డకు మట్టిలో ఆడుకోవడం ఎంత అవసరం, అన్నీ వరసగా చెప్పాను. ఆమె గోరుచిక్కుళ్ళు తుంచుతూ విన్నది. అంతా అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"కొట్టంల కింద నేలేంది? బండలా, మట్టా?"

"మట్టే," అన్నాను కాస్త మొహమాటంగా. "పేడతోని అలుక్కుంటే మంచిగనే ఉంటది."

"గట్లయితే పోదాం," అంది.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. మాది మెట్ట పొలాల కాపుదనం. ఆమెది గద్వాలలో మగ్గాల వీధి. నా మొదటి ఉద్యోగం గద్వాలలో. అద్దెకు తీసుకున్న గది వాళ్ళ గోడకు ఆనుకుని ఉండేది. గోడ అవతల పొద్దున్నించి పొద్దు గూకేదాకా మగ్గం చప్పుడు. ఆ మగ్గం నేసేది ఎవరో చూడాలనిపించింది, చూశాను. తర్వాత రెండు ఇళ్ళలో కొంత గొడవ, కొన్నాళ్ళు అలకలు, చివరికి భోజనాలు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆమె నన్ను "సారూ" అనే పిలుస్తుంది. కోపం వచ్చినా సారే, ముద్దు వచ్చినా సారే. పెళ్ళయి నాగర్‌కర్నూలు వచ్చాక ఆమె మగ్గం ఎక్కలేదు. ఎనిమిదేళ్ళు. ఆ చాకిరీ తప్పిందని సంతోషపడుతున్నదనే నేను అనుకున్నాను. ఆ మాట ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం నా తప్పే.

మే నెలలో సెలవులు ఇవ్వగానే బయలుదేరాం. టీవీ, ఫ్రిజ్ అడిగినవాళ్ళకు ఇచ్చేశాం. తోటి సార్లు నన్ను స్వామీజీ అనడం మొదలుపెట్టారు. మా ఊళ్ళో కొందరు నన్ను నౌకరీ నుంచి తీసేశారనీ, కొందరు నాకు ఏదో రోగం వచ్చిందనీ చెప్పుకున్నారు. పక్క చేను అవ్వ అయితే నేరుగా వచ్చి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. "జరమేం లేదు గాని, మరి ఏమైంది కొడుకా?" అని మా ఆవిడను చూసి జాలిపడింది.

ఆ మొదటి వారం తలచుకుంటే ఇప్పటికీ నా మొహం మీదికి నవ్వే వస్తుంది. పొద్దున లేవగానే ఎదురుగా ఆకాశం. మూడు రాళ్ళ పొయ్యి మీద రొట్టెలు. నీళ్ళు అరగంటకు అయిపోయేవి కావు, ఎప్పుడు చూసినా బావిలోనే ఉండేవి. మా బిడ్డ మునివేళ్ళ నడక రెండు రోజుల్లో మరిచిపోయింది. ధనధనమని గట్ల మీద ఉరుకుతుంటే ఆ చప్పుడు వినడానికే నేను పని ఆపి నిలబడేవాణ్ణి. మధ్యాహ్నం చింతపండు పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, ఇంత అన్నం. ఇంకేం కావాలి మనిషికి అని రోజుకు పదిసార్లు అనేవాణ్ణి. చేను చివర ఒక పెద్ద గుండు ఉంది. పొద్దున లేచి దాని మీద తూర్పు ముఖం పెట్టి కళ్ళు మూసుకుని ఒక గంట మౌనంగా కూచునే నియమం పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, నన్ను నేను కొంచెం పెద్ద మనిషిననే అనుకున్నాను.

నాలుగో రోజు అలా మౌనం ముగించుకుని కొట్టంలోకి వచ్చేసరికి, లోపల గడ్డపార చప్పుడు. మా ఆవిడ చీర కొంగు నడుముకు చెక్కి నేల తవ్వుతున్నది. అప్పటికే మోకాలి లోతు తవ్వేసింది.

"ఏంది చేస్తున్నవ్?"

"గుంట."

"గుంటెందుకు?"

"కాళ్ళు పెట్టుకోనీకె." ఆమె చెమట తుడుచుకుంది. "గుంట మగ్గం సారూ. మగ్గం కాడ మనిషి నేల మీద కూసుంటది, కాళ్ళు గుంటల పెట్టి కింద చెక్కలు తొక్కుతది. గద్వాలల ఎనిమిదేండ్ల కింద చూసినవ్ గద, మర్చిపోయినవా?"

"మరి ఇన్నేండ్లు ఎందుకు పెట్టలే?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మేడ మీద గుంట ఎట్ల తవ్వుదు? కిందింటాయన నెత్తి మీద కాళ్ళు పెట్టాల్నా?"

అప్పుడు గానీ నాకు తలకెక్కలేదు. కొట్టంలో నేలేంది అని ఆమె ఎందుకు అడిగిందో. ఆమె నా వెంట సన్యాసానికి రాలేదు. మట్టి నేల దొరికిందని వచ్చింది. ఎనిమిదేళ్ళుగా రెండో అంతస్తులో గచ్చు మీద తిరుగుతూ, కాళ్ళ కింద తవ్వడానికి ఇంత నేల కోసం ఎదురు చూసింది. నాకు సిగ్గేసింది. సిగ్గు వేసినప్పుడు నేను చేసే పని ఒకటే, వాదన పెట్టుకోవడం.

"మనం వస్తువులు తగ్గించుకుందామని వచ్చినం. నువ్వు అన్నిటికంటే పెద్ద వస్తువు తెచ్చి పెడుతున్నవ్."

"తగ్గించుకుంటేనే కద చోటైంది," అని ఆమె మళ్ళీ గడ్డపార ఎత్తింది. నేను పార తీసుకుని మట్టి ఎత్తిపోశాను.

వారం తిరక్కముందే, ఆమె పంపిన కబురు అందుకుని గద్వాల నుంచి ఆమె అన్న వచ్చాడు. ట్రాలీ ఆటోలో మగ్గం కర్రలు, పోగుల్ని దగ్గరికి కొట్టే పలక, దారం చుట్టే కండెలు, ఒక గోనెసంచి. ఆయనా నేసే మనిషే. వాళ్ళ వీధిలో ఒక మగ్గం ఆగిపోతే, దాని మీద మిగిలిన పడుగు, అంటే చీర పొడవునా పరిచే నిలువు పోగులు, అడిగి తెచ్చాడు. సరిగ్గా ఒక్క చీరకు వస్తుంది. దాంతోపాటు ఒక కబురు కూడా తెచ్చాడు.

"చెల్లె, షావుకారితోని మాట్లాడిన. ఎనిమిదేండ్లు చెయ్యి పెట్టలే, ఊరవతల ఉన్నది, ఎట్ల నమ్మాలె అన్నడు. ఒక్క చీర నేసి తెమ్మను, కంటికి ఆనితే ఇగ ఎప్పటికీ పడుగు నేనే ఇస్త అన్నడు. ఆనకుంటే మళ్ళ అడగొద్దన్నడు."

ఆమె తల ఊపింది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఒక్క పడుగు, ఒక్క చీర, ఒక్కసారి చూపించడం. పడుగులిచ్చి చీరలు కొనే ఆ షావుకారు అవునంటే ఆమె మళ్ళీ నేత మనిషి. కాదంటే ఆ గుంట పూడ్చుకోవాలి. అంతే సంగతి. నాకూ అర్థమైంది.

"ఇంతకూ బావా," అన్నాడు ఆయన నా వైపు తిరిగి, "ఎడమ దిక్కు ఎవరు కూసుంటరు?"

గద్వాల చీర ఒంటరిగా నేసేది కాదట. ఒళ్ళంతా నూలు, అంచులు రెండూ పట్టు. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు ఆడాలి, కుడి అంచుకు ఒకటి, ఒంటికి ఒకటి, ఎడమ అంచుకు ఒకటి. పట్టు పోగూ నూలు పోగూ కలిసే చోట ప్రతిసారీ ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరగాలి. కుడి వైపు నేసే మనిషి చూసుకుంటే, ఎడమ వైపు జోడు కూచోవాలి. ఇదంతా ఆయన చెబుతున్నంతసేపూ అన్నాచెల్లెళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారు. మా బిడ్డ కూడా చూస్తున్నది. కొట్టంలో ఇంకెవరున్నారు కనుక?

నేయడానికి ముందు పడుగుకు గంజి పెట్టాలి. తెల్లవారగానే చేలో గుంజలు పాతి, పడుగును చీర పొడవునా సాగదీసి కట్టారు. బియ్యపు గంజి పూసి, అన్న ఒక చివర, చెల్లెలు ఒక చివర పెద్ద కుంచెలతో దువ్వారు. ఆ ఇద్దరూ ఒకే అడుగు వేస్తూ, మాట లేకుండా ఎదురెదురుగా నడుస్తుంటే చూసి ముచ్చటేసింది. పోగులన్నీ నిటారుగా నిలబడి లేత ఎండకు మెరిశాయి. అది ఆరేలోగా లోపల మగ్గం బిగించుకుందామని ఇద్దరూ కొట్టంలోకి పోయారు.

"సారూ, జర చూస్తుండు," అంది ఆమె పోతూ పోతూ.

దేన్ని చూడాలో చెప్పలేదు. గద్వాలలో పుట్టినవాళ్ళకు ఆ మాట చెప్పే అవసరమే ఉండదు. నేను చూడాల్సింది పడుగును అనుకున్నాను, చూశాను. అది కదలకుండా ఉంది. బాగుంది. పొద్దు అప్పుడే చెట్లపైకి వస్తున్నది. నా నియమం గుర్తొచ్చింది. పక్కనే ఉన్న గుండు ఎక్కి కూచుని కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి కరకరమని సన్నటి చప్పుడు వినిపించింది. పల్లె పొద్దుటి చప్పుళ్ళలో ఇదీ ఒకటి కాబోలు, ఎంత హాయిగా ఉంది అనుకున్నాను. ఆ తర్వాత అవ్వ కేక వినిపించింది.

"ఓ సారూ! కండ్లు తెరువయ్యా! మేకలు!"

అవ్వ మేకలు ఆరు, పడుగుకు అటు మూడు ఇటు మూడు నిలబడి, గంజి నాకుతూ, నాకినంత మేర పోగుల్ని నములుతున్నాయి. ఇంత రుచికరమైన పొద్దు వాటి జన్మలో ఎరగవు. నేను గుండు మీదనుంచి దూకి మోకాలు చీరుకుని వచ్చేసరికి, ఒక పక్క జానెడు వెడల్పున పోగులు తెగి గాలికి ఊగుతున్నాయి. ఒక మేక నోట్లోంచి ఇంకా దారం వేలాడుతున్నది.

లోపలినుంచి ఇద్దరూ బయటికి వచ్చారు. బావమరిది పడుగును చూసి, నన్ను చూసి, మెల్లగా అన్నాడు. "మా వీధిల గంజి పెట్టే పూట మేకల్ని కట్టేస్తరు బావా. ఎవ్వరు చెప్పకుంటనే కట్టేస్తరు."

మా ఆవిడ తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. ఆమె తెగిన పోగుల్ని చేత్తో పట్టుకుని లెక్క చూసుకుంటున్నట్టు నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొత్త పడుగు లేదు. ఉన్నదే ఒక్క చీరకు సరిపోయేది. కోసేసి చిన్నది చేయడానికి లేదు. నా మౌనం ఆమె ఎనిమిదేళ్ళ ఎదురుచూపును మేకలకు మేత వేసింది. ఆ క్షణాన నాకు నా మీద ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను.

కాసేపటికి ఆమె లోపలికి పోయి డబ్బా మూతలో పొయ్యి బూడిద పట్టుకొచ్చింది. నేల మీద చతికిలబడి, నన్ను పిలిచింది. "రా సారూ. కూసో. పోగులతికేది నేర్పుత."

తెగిన రెండు కొసలు ఒకచోట కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్క మెలిక తిప్పి, వెనక్కి మడిచి దువ్వాలి. ముడి వేయకూడదు. ముడి పడితే చీరలో గింజలా తగులుతుంది. ఆమె వేళ్ళు కళ్ళు మూసి తెరిచేలోపు ఒకటి అతికేవి. నేను అతికినవి ఆమె కొంచెం లాగి చూస్తే ఊడిపోయేవి. మళ్ళీ. మళ్ళీ. మొదటి రోజు సాయంత్రానికి నేను అతికినవాటిలో నిలిచినవి నా వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. అవ్వ మేకల్ని కట్టేసి వచ్చి పక్కన కూచుని జాలి పడింది. మేకల తప్పుకు పరిహారంగా కుండెడు మజ్జిగ తెచ్చింది. బావమరిది కూడా మూడు రోజులు ఆగిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక సంగతి గమనించాను. పొద్దున్నించి నాకు ఏ ఆలోచనా రాలేదు. బస్సు లేదు, ఫోను లేదు, పెద్ద మనిషిననే ధ్యాస అసలే లేదు. కళ్ళ ముందు రెండు కొసలు, వేళ్ళ మధ్య ఇంత బూడిద. అవి అతుక్కుంటే మరో రెండు కొసలు. గుండు మీద కూచుని గంటల తరబడి వెతికినా దొరకనిది, మేకలు నమిలిన పడుగు దగ్గర దొరికింది. ఆ మాట ఆమెతో అన్నాను. "మాటలు తర్వాత. ఈ పోగు వదులున్నది," అంది. ఆ మర్నాటి నుంచి నేను గుండు ఎక్కలేదు. పిట్టలు వాలుతుండేవి దాని మీద.

జూన్‌లో వానలు పడ్డాయి. అవ్వ చేలో జొన్న, కంది వేసింది. నేను బడికి గట్ల వెంట నడిచి పోయేవాణ్ణి, బిడ్డ నా వేలు పట్టుకుని ఉరికేది. పొద్దున బడికి ముందు ఒక గంట, సాయంత్రం వచ్చాక వెలుగున్నంత సేపు నా స్థానం ఎడమ దిక్కే. తడి నేల, తడి గాలి నూలుకు మంచిదట, పోగు తెగదట. ఆ గుంటలోంచి చల్లదనం కాళ్ళకు తగులుతుంటే ప్రాణం లేచి వచ్చేది. కప్పు ఒకచోట కారితే నా గొడుగు తెచ్చి మగ్గం మీద విప్పి కట్టాం. ఆ గొడుగు కింద మేమిద్దరం. "పట్టు. విడువు. మెలెయ్యి. అట్ల గాదు. ఇప్పుడు విడువు." ఎనిమిదేళ్ళలో తిట్టనన్ని తిట్లు ఆ నెలన్నర రోజుల్లో తిట్టింది. ఎనిమిదేళ్ళలో నవ్వనన్ని నవ్వులూ నవ్వింది. పిల్లలకు నేను బోర్డు దగ్గర చెప్పినట్టే ఆమె నాకు చెప్పేది, ఒకే మాట నాలుగు రకాలుగా. నేను మా తరగతిలో మొద్దు పిల్లల్ని ఆ తర్వాత ఎన్నడూ గద్దించలేదు.

ఒకరోజు నాడె ఆమె చేతిలోంచి నా చేతికి, నా చేతిలోంచి ఆమె చేతికి తడబడకుండా వరసగా పోవడం మొదలుపెట్టింది. ఇద్దరమూ అది గమనించాం. ఎవరమూ మాట్లాడలేదు, మాట్లాడితే తప్పుతుందని భయం. వాన పడుతున్నది, బిడ్డ మూలన చాప మీద నిద్రపోతున్నది, మగ్గం చప్పుడు. గద్వాలలో గోడ అవతలినుంచి విన్న చప్పుడులో ఇప్పుడు నేనూ ఉన్నాను. అంత సంతోషం నాకు అంతకు ముందు తెలియదు.

నా వైపు అంచు నాకు బ్రహ్మాండంగా కనిపించేది. "ఎట్లుంది?" అని అడిగితే ఆమె వంగి ఒకసారి చూసేది. "కానియ్," అనేది.

చీర మగ్గం దిగింది. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్రటి పట్టు అంచు, సన్నటి జరీ. సెలవు పెట్టి, బిడ్డను అవ్వ దగ్గర వదిలి, ఇద్దరం బస్సెక్కాం. వనపర్తిలో మారి, కృష్ణ వంతెన దాటి గద్వాల చేరేసరికి ఎండ నడి నెత్తికి వచ్చింది. నేను చీర మూటను రెండు చేతులా పట్టుకునే ఉన్నాను. ఆమె మాత్రం కిటికీలోంచి గాలికి కొంగు ఎగరేసుకుంటూ కూచుంది.

షావుకారు తెల్లటి పరుపు మీద చీర విప్పాడు. కుడి అంచు మీద బొటనవేలు పెట్టి, మొదటినుంచి కొంగు దాకా నిమురుకుంటూ పోయాడు. వేలు ఎక్కడా ఆగలేదు. తర్వాత ఎడమ అంచు. రెండు మూరలు పోయేసరికి వేలు ఆగింది. అద్దాలు పెట్టుకున్నాడు. ఇంకో మూర పోయాడు. మళ్ళీ ఆగింది.

"ఇటు దిక్కు ఎవరమ్మా కూసున్నది?"

"మా సారు."

ఆయన అద్దాల పైనుంచి నన్ను చూశాడు. "ఏం సారు?"

"లెక్కల సారును," అన్నాను.

"బడిల పోరగాండ్లు కష్టపడుతుంటరు పాపం," అన్నాడు షావుకారు. "అంచు వదులున్నది తల్లీ. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. ఇది నా అంగడిల పెట్టలేను." చీర మడిచి మా వైపు జరిపాడు.

నాకు నా మీద అసహ్యమేసింది. మేకలు తిన్నప్పటికంటే ఎక్కువ. ఆమె చెయ్యి కాదు చెడింది, నా చెయ్యి. ఎడమ దిక్కు ఇంకెవరు కూచున్నా ఈ పాటికి ఆమె గెలిచి ఉండేది. ఏమైనా చెబుదామని నోరు తెరిచాను. ఆయన నా మాట వినకుండా లోపలి గది వైపు కేకేశాడు.

"మూడు చీరల పడుగు తీస్కరా!" తర్వాత ఆమె వైపు తిరిగాడు. "కుడి దిక్కు చూసిన తల్లీ. చెయ్యి యాడికీ పోలే, ఉన్నకాడనే ఉన్నది. మీ అమ్మ చెయ్యే. పడుగు తీస్కపో, నేసి పంపు. ఎడమ దిక్కుకు మాత్రం జర మనిషిని చూస్కో."

బయటికి వచ్చాక ఆమె పడుగు మూట నెత్తిన పెట్టుకుని చిన్నపిల్లలా నడిచింది. బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నది, నా వాటా కూడా తిన్నది. బస్సులో నా పక్కన కూచుని పాట ఏదో కూనిరాగం తీస్తున్నది. నాకు మాత్రం ఒళ్ళోని చీర బరువుగానే ఉంది.

"ఎడమ దిక్కుకు మనిషిని చూస్కోమన్నడు గద," అన్నాను.

"చూస్కున్న. ఎనిమిదేండ్లాయె."

నవ్వాను గానీ మనసు ఒప్పుకోలేదు. "నా మూలంగ చీర పాయె. అంత కష్టపడి నేస్తివి."

"యాడికి పాయె? ఈడనే ఉన్నది గద."

ఆమె గొంతులో ఏదో ఉంది. తిరిగి చూశాను. కిటికీ వైపు ముఖం పెట్టి నవ్వు ఆపుకుంటున్నది.

"అంచు వదులైతున్నదని నీకు ముందే తెల్సా?"

"తెల్వకేంది? మొదటి మూరలనే తెల్సింది."

"మరి చెప్పొద్దా! విప్పి మళ్ళ నేస్తుంటిమి గద!"

"చెప్తే నువ్వు మంచిగ చేస్తుంటివి. మొండోడివి, చేసేదాక ఇడ్వవు. మంచిగైతే ఈ చీర ఆయన అంగడిల ఉంటుండె." ఆమె నా ఒళ్ళోంచి చీర తీసుకుంది. "నా దిక్కు చూసి పడుగు ఇస్తడని నాకు ఎరుకే సారూ. పరేషాన్ ఎందుకు?"

ఆమె నవ్వు మెల్లగా ఆగింది.

"మా అమ్మ నలభై ఏండ్లు నేసింది. ఎందరి పెండ్లిళ్ళకో నేసింది. ఒక్కటన్న కట్టుకోలే. నేను పదేండ్ల పిల్లప్పటిసంది ఎడమ దిక్కు కూసున్న, నేను గూడ కట్టుకోలే. మంచిగ నేసిన చీర నేసినోళ్ళ ఇంట్ల ఉండదు సారూ."

బస్సు వంతెన మీదికి వచ్చింది. ఆమె చీర మడతను ఎడమ అంచు పైకి వచ్చేటట్టు తిప్పి, ఆ వదులు చోట వేలితో నిమురుతూ, ఇల్లు చేరేదాకా అట్లాగే పట్టుకుని కూచుంది.

మర్నాడు పొద్దున ఆ పట్టంచు చీర కట్టుకుని, బిందె చంకన పెట్టుకుని బావికి నీళ్ళకు పోయింది. జొన్న చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే నడుము ఎత్తి లేచి నిలబడి, ఆమె బావి దాకా పోయేంతవరకు చూశారు.